దానమునకు లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



విద్య, వైద్యము, కుటుంబ క్షేమము అను మూటికొరకు లోకులు చేయు దానధర్మములను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్నాజ్ఞాపించిరి. నేను పండితుడను కాను. భారత భాగవతములను నిఘంటువు ప్రక్కన బెట్టుకొని కూడబలుకుకొన్నవాడను. ఆ నిఘంటువైనను ఈ గ్రంథాలయముదే. మా తాతగారును, తండ్రిగారును ఈ యూరి కరణములు. ఆ కరణీకము 1984లో రద్దయినది గాని లెక్కపుస్తకము మా యింటిని విడువలేదు; నాడు శిస్తు లెక్కలు, నేడు ఊరి సంఘముల లెక్కలు. కావున లెక్కలవాడు చెప్పదగిన మాట మాత్రమే చెప్పెదను. దాతల యౌదార్యమును వర్ణించుటకు నాకంటె సమర్థులు వేదికపై నున్నారు.

గుంటూరు సీమలో కృష్ణకు దక్షిణపుటొడ్డున మల్కాపురమను గ్రామమున్నది. అచ్చటి రాతి స్తంభముపై శక సంవత్సరము 1183, అనగా క్రీ.శ. 1261 నాటి శాసనమొకటి చెక్కబడియున్నది. కాకతి గణపతిదేవ చక్రవర్తికి దీక్షాగురువైన విశ్వేశ్వర శంభువు గౌడదేశమునుండి వచ్చిన శైవాచార్యుడు. రుద్రమదేవి తన తండ్రి సంకల్పము ననుసరించి మందడము, వెలగపూడి గ్రామములను ఆయనకు ధారపోసినది. వెలగపూడి యన్న మీకు వెంటనే తెలియును. 2016 నుండి సచివాలయము పనిచేయుచున్నది ఆ యూరనే.

గురువుగారు ఆ యూళ్ల ఆదాయమును తన సుఖమునకు వాడుకొనలేదు. అగ్రహారీకులకు భూములిచ్చి, మిగిలినదానిని మూడు భాగములు చేసిరి. ఒకటి శివాలయమునకు, ఒకటి మఠమునకును, చదువుకొను విద్యార్థులకును, మూడవది ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, సత్రమునకు. ఏడువందల యరువది యేండ్లకు పైబడిన మాట యిది. పురుడు పోసుకొను స్త్రీకి వేరుగా నొక శాల యుండవలెనని, దానికి భూమి ఆదాయములో వాటా యుండవలెనని ఆనాడే రాతిపై వ్రాయించిరి. ఆకలిగొని వచ్చినవారికి, బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు, ఎల్లవేళల అన్నము పెట్టవలెననియు నందులో నున్నది. అయితే ఆ విద్యాలయములో వేదశాస్త్రములు చదువుకొనగల్గినవారెవ్వరో వేరుగా చెప్పనక్కరలేదు. అన్నపుటాకు అందరికిని పరచిన ఆ కాలము చదువుపలకను అందరికిని ఈయలేకపోయినది. శాసనమును మెచ్చునపుడు ఈ మాటను దాచిపెట్టుట ధర్మము కాదు.

నన్ను ఆపివేసిన మాట వేరొకటి. మూడు వేదములకు ముగ్గురు అధ్యాపకులు, పదము, వాక్యము, ప్రమాణము, సాహిత్యము, ఆగమము చెప్పుట కైదుగురు, ఒక వైద్యుడు, ఆ వైద్యుని ప్రక్కనే ఒక కాయస్థుడు. కాయస్థుడనగా లెక్కలు వ్రాయువాడు. ఒక చరిత్ర గ్రంథములో ఈ సంగతిని మొదటిసారి చదివిన రాత్రి, మా కులవృత్తికి శిలపై చోటు దొరకినదని కొంత గర్వపడితిని. గర్వము తీరిన పిమ్మట ఆలోచన కలిగినది. రోగికి వైద్యుడు కావలెను, సరియే; లెక్కలవాడెందుకు? పొలము పంట ఒక యేడు పండును, ఒక యేడు ఎండును. మందుదినుసులు మాత్రము ప్రతిమాసమును కొనవలెను. ప్రసూతిశాలలో నూనె ప్రతిరాత్రియు కాలవలెను. ధారపోసిన నీరు ఒక్క గడియలో ఆరిపోవును. గర్భిణి ఏ రాత్రి వచ్చునో ఎవ్వరికిని తెలియదు. ఈ రెంటినడుమ ఒక మనుష్యుడు కూర్చుండి పైయేటికి ఎంత నిలువ యున్నదో చూచుచుండవలెను. అందుకై ఆ కాయస్థుడు.

ఇప్పుడు మన యూరి మాట. మనము కూర్చున్న ఈ గ్రంథాలయపు ద్వారముపై, సున్నపు పూత క్రింద, వ్రేలితో తడవినచో నేటికిని తగులు అక్షరములున్నవి. పెద్దలెరుగుదురు, పిల్లలెరుగరు. అవి ‘ప్రసూతి గృహము’ అను అక్షరములు. కీర్తిశేషులైన ఒక పెద్దమనిషి తన తల్లి పేర ఈ గది కట్టించెను. ఇటుకలు, సున్నము, కలప, కూలీలు, అన్నిటికిని లెక్క వ్రాసినవాడను నేనే. అప్పుడు నాకు ముప్పది యేండ్లు నిండలేదు. చివరి పుటలో ‘పని పూర్తి, బాకీ లేదు’ అని వ్రాసి క్రింద రెండు గీతలు గీసితిని. లెక్క చక్కగా నున్నదని అందరును మెచ్చిరి.

వారమునకు రెండుమార్లు వచ్చు నర్సమ్మకు జీతమెక్కడనుండి వచ్చునని ఒక్కరును అడుగలేదు. అడుగవలసినవాడను నేను. మొదటి యేడు దాతగారు తమ చేతినుండి ఇచ్చిరి. వారు కాలధర్మము చెందిరి. కుమారులు పట్టణము చేరిరి. మూడవ యేట గదికి తాళము పడినది. తాళపుచెవి మా యింటి దూలమునకు వ్రేలాడుచుండెను. వాన కాలములో ఎరువు బస్తాలు తడియుచున్నవని ఒకరడుగగా, ఖాళీ గదియే కదా యని తెరచి యిచ్చితిని.

ఆ శ్రావణమాసమున ఒక రాత్రి, రెండవ జాము దాటిన పిమ్మట, ఒక కూలిమనిషి తలుపు తట్టి తాళపుచెవి నడిగెను. ఆతని భార్యకు నొప్పులు ప్రారంభమైనవి. లాంతరు పట్టుకొని పరుగెత్తితిమి. లోపల కప్పువరకు బస్తాలు. మంచము లేదు, దానిని ఎవరు గొనిపోయిరో నాకు తెలియదు. వాగు పొంగియుండుటచే ట్రాక్టరు తెల్లవారువరకు కదలలేదు. తల్లి బ్రదికినది. బిడ్డ దక్కలేదు.

గది శుభ్రముగా నున్నచో బిడ్డ బ్రదికెడిదని నేను ప్రమాణము చేయలేను. బ్రదుకదనియు చేయలేను. ఆ దంపతులు నన్నొక మాట యనలేదు. వారి పేరు చెప్పను. ఆ తల్లి మనుమరాలు సాయంకాలములందు బొమ్మల పుస్తకములు చదువుటకు ఇచ్చటికి వచ్చును. ఆమె గుమ్మము వెలుపల నిలుచుండును, లోపలికి రాదు. గ్రంథాలయము పెట్టుకొందుమని పడుచువారు వచ్చి తాళపుచెవి అడిగినప్పుడు మారుమాటాడక ఇచ్చివేసితిని. దానికి నన్ను సన్మానించిరి కూడ. ఆ శాలువ నేటికిని మడత విప్పలేదు.

ప్రసూతి గృహము మూడేండ్లు నిలువని గదిలోనే గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిలిచినది. గోడలవే, కప్పదే. భేదమొక్కటే. మొదటి కార్యదర్శిగారు నెలనెలయు ఇంటింటికి తిరిగి చందా వసూలు చేసిరి. ఆయనను చూచి వీధిలో తప్పించుకొని పోయినవారిలో నేనును ఒకడను! ఆ కొలదిపాటి రూకలతోనే పత్రికలు వచ్చినవి, దీపము వెలిగినది.

పెద్దల చరిత్రలో కూడ నాకిదియే కనబడుచున్నది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరని మనమందరము చెప్పుకొందుము. పెండ్లి ఒక్కనాటిది. మరునాటి సంగతి ఎవరు చెప్పుకొందురు? వెలివేతచే వంటవారు రారు, నీళ్లు మోయువారు రారు. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరినుండి నీళ్లు తెచ్చి వండిపెట్టిరి. ఆ మరునాళ్ల భారము తమతో అంతరించిపోకూడదనియే కాబోలు, పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి ఒప్పగించిరి. కొందరు ఆయన గ్రంథములను గొప్ప యందురు. నేను ఆ ఒప్పగింత పత్రమును అంతకంటె తక్కువగా నెంచను.

దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారి కథ పిల్లలకు నచ్చును. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభ సందర్భమున ఖద్దరు ప్రదర్శన ద్వారమువద్ద ఆమె స్వచ్ఛంద సేవకురాలు, వయస్సు పదునాలుగేండ్లు. జవహర్లాల్ నెహ్రూగారు టిక్కెట్టు లేక లోనికి రాబోగా ఆపివేసినది. నిర్వాహకులు కంగారుపడి టిక్కెట్టు కొని యిచ్చిన పిమ్మటనే వదలినది. ఆ బాలికయే 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించి, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు చదువును, ప్రసూతులకు వైద్యమును, నర్సులకు శిక్షణమును ఒక్క కప్పు క్రిందికి తెచ్చినది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలైనది. ద్వారమువద్ద ఒక టిక్కెట్టుకు లెక్క చూచిన చేతికే దాతలు ధనమును నమ్మి యిచ్చిరని నా యూహ.

ఇక నాకు మిగిలినది మనవి. రజతోత్సవ నిధితో వీధి మొగను కమాను కట్టించి, దాతల పేర్లు పాలరాతిపై చెక్కింపవలెనని కొందరి సంకల్పము. వారు నాకు మిత్రులు. వారి మనస్సు నొప్పించుట నా యుద్దేశము కాదు. కాని ఒక్క లెక్క వినుడు. లక్ష రూపాయలు నూటికి ఆరు వడ్డీపై నుంచినచో ఏటికి 6,000, నెలకు 500. ఒక్క లక్ష వడ్డీతో ఈ గదిని రాత్రి తొమ్మిది గంటలవరకు తెరచి, ఇంట చదువుకొను చోటు లేని పదవ తరగతి ఆడపిల్లలకు తోడుగా ఒక స్త్రీని కూర్చుండబెట్టవచ్చును. జీతముగా అది చాలదు, గౌరవముగా చాలును. మరియొక లక్ష వడ్డీ పురిటికి పోవు నిరుపేద తల్లికి. 2005 నుండి 108 వాహనము వచ్చుచున్నది, నిజమే. కాని కూలి మానుకొని ఆసుపత్రివద్ద నిలుచు భర్తకు భోజనమెవరు పెట్టుదురు? ఇంట విడిచిన పిల్లలకు అన్నమెవరు వండుదురు? ఆ నాలుగు రోజుల ఖర్చు ఏ పద్దులోను లేదు.

కమాను వలదనను. ఈ రెండు పద్దులును నిండిన తరువాత మిగిలినదానితో కట్టుదము. మిగులకున్న ఇరువదియైదేండ్లుగా కమాను లేకయే మనము లోనికి వచ్చుచున్నాము.

క్రొత్త పుస్తకము ఈ బల్లమీద నున్నది. ఎడమ పుటలో దాతల పేర్లకు గీతలు గీసితిని. కుడి పుటలో వచ్చు పండ్రెండు నెలల పేర్లు వ్రాసి, ఒక్కొక్క నెలకెదురుగా కావలసిన సొమ్ము వేసితిని. క్రింద రెండు గీతలు గీయలేదు. సంతకము చేయుటకు ముందు దయయుంచి కుడి పుటను కూడ చదువుడు. కలము నాయొద్దనే యున్నది.