పిరమిడ్ విద్యుత్తు – ఒక కొలత

(ప్లాటినం జూబిలీ వైజ్ఞానిక ప్రదర్శన ప్రారంభ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

రాగి గొట్టాలతో పిరమిడ్ కట్టి, దాని నడుమ తీగచుట్టను, లోహపు పలకలను అమర్చి విద్యుత్తును రాబట్టాలని ప్రయత్నించే ఔత్సాహికులు నేడు అనేక దేశాలలో ఉన్నారు. వాలు 51 డిగ్రీల 50 నిమిషాలకు తగ్గకూడదనీ, పెరగకూడదనీ వారి పట్టుదల. అది ఈజిప్టులోని గీజా మహా పిరమిడ్ వాలు. ధ్యానానికై పిరమిడ్లు కట్టుకున్నవారు మన తెలుగువారిలోనూ ఎందరో ఉన్నారు. వారి విశ్వాసం ఈనాటి నా ప్రసంగ విషయం కాదు. నేను మాట్లాడదలచినది మీటరు పెట్టి కొలవదగిన విద్యుత్తును గురించి మాత్రమే.

ఈ ఆలోచనకు చరిత్ర కలదు. చెకోస్లొవేకియాకు చెందిన కారెల్ డ్రబల్ అనే రేడియో ఇంజనీరు, అట్టతో చేసిన పిరమిడ్ క్రింద ఉంచిన క్షురపు బ్లేడు పదును నిలుపుకుంటుందని చెప్పి 1959లో పేటెంటు పొందాడు. 1973లో పాట్రిక్ ఫ్లానగన్ అనే అమెరికన్ వ్రాసిన గ్రంథంతో 'పిరమిడ్ పవర్' అనే మాట లోకమంతటా వ్యాపించింది. పేటెంటు ఉన్నది కనుక నిజమే అయి ఉండాలని పలువురు వాదిస్తారు. పేటెంటు హక్కును ఇస్తుంది గాని సత్యానికి హామీ ఇవ్వదు.

అంతకు శతాబ్దం ముందే పిరమిడ్ పైన నిజంగానే విద్యుత్తు కనబడింది. 1859లో ఎర్రసముద్రపు తంతి పనిమీద వెళుతూ వెర్నర్ సీమెన్స్ అనే జర్మన్ ఇంజనీరు మహా పిరమిడ్ శిఖరాన్ని ఎక్కాడు. ఎడారి గాలి ఇసుకను ఎగురగొడుతున్నది. వేలు పైకెత్తితే ఒక ధ్వని వినిపించింది. ఆయన ఒక మద్యపు సీసాకు తడి కాగితం చుట్టి దానిని లేడెన్ జాడీగా మార్చాడు. అందులో విద్యుదావేశం నిండి మెరుపులు రాలాయి. దగ్గరకు వచ్చిన మార్గదర్శకుడికి గట్టి అఘాతం తగిలింది. కొందరు ఈ వృత్తాంతాన్ని పిరమిడ్ మహిమకు సాక్ష్యంగా చెబుతారు. సీమెన్స్ చేతికి చిక్కినది ఇసుకగాలి ఆవేశం. పిరమిడ్ ఆయనకు ఎత్తును సమకూర్చినది, అంతే. అంత ఎత్తున్న కొండ అయినా అదే పని చేసి ఉండేది.

గాలిలో విద్యుత్తు ఉన్న మాట వాస్తవమే. నిర్మలమైన వాతావరణంలో నేలనుండి మీటరు ఎత్తుకు సుమారు 100 వోల్టుల తేడా ఉంటుంది. ఈ అంకె వినగానే ఔత్సాహికుల కన్నులు మెరుస్తాయి. అయితే ఆ గాలిగుండా చదరపు మీటరు నేలపైకి దిగే ప్రవాహం ఆంపియరులో లక్ష కోట్లలో రెండు వంతులు మాత్రమే. టార్చిలైటు బల్బుకు 0.3 ఆంపియర్లు కావాలి. అంతటి ప్రవాహాన్ని పోగుచేయాలంటే ఎంత నేల కావాలో పదవ తరగతి పిల్లల చేత లెక్క కట్టించాను. దాదాపు లక్షన్నర చదరపు కిలోమీటర్లని తేలింది. మనం నివసిస్తున్న ఒడిశా రాష్ట్రమంతా కలిపితే ఇంచుమించు అంతే!

మన తొమ్మిదవ తరగతి బాలుడొకడు తన మేనమామ సాయంతో ఇటువంటి పిరమిడ్‌ను కట్టి తెచ్చాడు. మీటరు 0.6 వోల్టు చూపింది. ఆ బిడ్డ సంతోషం చూసి తీరవలసినదే. దీనిని ప్రదర్శనలో ఉంచరాదని కొందరు ఉపాధ్యాయులన్నారు. ఉంచుదాము, కాని ముందు పరీక్షిద్దామని నేనన్నాను. డిజిటల్ మీటరు నిరోధం సుమారు కోటి ఓములు. అది దాదాపు ఏ ప్రవాహాన్నీ తీసుకోదు గనుక రవంత ఆవేశానికి కూడా వోల్టులు చూపుతుంది. కొనల మధ్య వేయి ఓముల నిరోధం తగిలించగానే 0.6 వోల్టు నాలుగు మిల్లీవోల్టులకు పడిపోయింది. ఆ సామర్థ్యం వాట్‌లో కోటవ వంతు కూడా కాదు. పలకను పొడిగుడ్డతో తుడిస్తే అదీ తగ్గింది. ఉప్పునీరు చిలికితే పెరిగింది. రాగి, అల్యూమినియం, మన బరంపురం తేమగాలి కలిసి ఒక చిన్న విద్యుద్ఘటం ఏర్పడిందన్నమాట. అవే లోహాలను చతురస్రపు పెట్టెలో అమర్చినా మీటరు అంతే చూపింది. ఏసీ కొలతలో కనబడినదానికి గోడలోని కరెంటు తీగలు కారణం. మైదానం నడుమకు తీసుకువెళ్ళగానే అది దాదాపు మాయమైంది. ఈ పరీక్షలన్నీ బాలుడు స్వయంగా చేసి, తన అట్టమీద తొలుత వ్రాసిన వాక్యాన్ని తానే కొట్టివేసి కొలతలు వ్రాశాడు. ఆ కొట్టివేతను చెరపవద్దని చెప్పాను.

2018లో రష్యా, జర్మనీ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనను గురించి మేనమామగారు అడిగారు. సమంజసమైన ప్రశ్న. 200 నుండి 600 మీటర్ల తరంగదైర్ఘ్యం గల రేడియో తరంగాలు మహా పిరమిడ్‌పై పడితే ఎక్కడ కేంద్రీకృతమవుతాయని వారు గణితరీత్యా లెక్కించారు. బయటినుండి తరంగం వస్తేనే ఆ మాట. పిరమిడ్ విద్యుత్తును పుట్టిస్తుందని వారెక్కడా చెప్పలేదు.

ఇక్కడ మన భాష చేసే ఉపకారం ఒకటున్నది. ఇంగ్లీషులో 'పవర్' అన్న ఒక్క మాట మంత్రమహిమకూ, రాజ్యాధికారానికీ, వాట్లకూ చెల్లుతుంది. మన వాచకాలు ఫోర్సును బలమనీ, ఎనర్జీని శక్తి అనీ, పవర్‌ను సామర్థ్యమనీ వేరుచేసి చెబుతాయి. "పిరమిడ్ శక్తి" అంటే తల ఊపేవాడు "పిరమిడ్ సామర్థ్యమెన్ని వాట్లు?" అని అడిగితే ఆగి ఆలోచించక తప్పదు. తెలుగులో చదివితే పిల్లలు విజ్ఞానశాస్త్రంలో వెనుకబడతారని పిల్లలను మాన్పించుకునే తల్లిదండ్రులు ఈ ఊళ్ళో ఏటా నావద్దకు వస్తూనే ఉన్నారు. వారు దయచేసి ఆ బాలుని బల్ల వద్ద కొంచెంసేపు నిలబడి, వాడు తెలుగులో చెప్పే సమాధానాలు వినవలసినదిగా కోరుతున్నాను.

విద్యార్థులకు ఒక్క ఆజ్ఞ. పిరమిడ్ శిఖరానికి రాగి కడ్డీ తగిలించి మేడమీద ఎత్తుగా నిలుపుతామని ఇద్దరు అనుమతి అడిగారు. నేనివ్వలేదు, ఇవ్వను. 1753లో సెయింట్ పీటర్స్‌బర్గులో రిక్మన్ అనే ఆచార్యుడు ఇంటిపైనుండి లోపలికి దింపిన కడ్డీ వద్ద మేఘ విద్యుత్తును కొలుస్తూ పిడుగుపాటుకు మరణించాడు. పిరమిడ్లు కట్టండి, కొలవండి; నేలమీదనే, ఉపాధ్యాయుల ఎదుటనే, మబ్బు లేని దినాన.