గంజాయికి దూరంగా: ఫోన్‌లో దొరికే సాయం

గంజాయిపై అవగాహన ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చింది. పరకాల లాంటి చిన్న పట్టణంలోని విద్యార్థికైనా, హైదరాబాద్ విద్యార్థికైనా అది ఒక్కలాగే అందుతుంది. కేంద్ర ప్రభుత్వం 2020 ఆగస్టు 15న నశా ముక్త్ భారత్ ప్రచారం మొదలుపెట్టింది. 2024 జూలైలో మానస్ అనే వెబ్‌సైటు, దానితో పాటు 1933 నంబరు వచ్చాయి. గంజాయి అమ్మేవారి సమాచారం అక్కడ చెప్పవచ్చు. చెప్పినవారి పేరు బయటపెట్టరు. మానెయ్యాలనుకునేవారు సలహా కూడా అడగవచ్చు.

పిల్లలకు ముందుగా చెప్పాల్సింది ఏమిటి? మెదడు సంగతి. "ఆకే కదా, ఏమవుతుంది" అనే మాట వినబడుతూనే ఉంటుంది. కానీ మెదడు ఎదుగుదల ఇరవై ఐదేళ్ల దాకా సాగుతుంది. ఆ లోపు తీసుకుంటే గంజాయి జ్ఞాపకశక్తినీ, ఏకాగ్రతనూ దెబ్బతీస్తుంది. కొందరిలో లేనిపోని అనుమానాలు, భ్రమలు మొదలవుతాయి. బెదిరింపు ఒక్కటే పనిచేయదు. స్నేహితుడు ఇవ్వబోతే "వద్దురా" అని ఎలా అనాలో నేర్పే పాఠాలే ఎక్కువ మేలు చేస్తాయి.

ఇంకో సంగతి అందరికీ తెలియాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి తాగడం నేరమే. అయితే అలవాటుపడినవారు తమంతట తాము చికిత్సకు వచ్చి పూర్తిచేస్తే, కేసు నుంచి రక్షణ ఇచ్చే సెక్షనూ అందులోనే ఉంది. పెద్ద మొత్తంలో అమ్మేవారికి అది వర్తించదు.

కాబట్టి ఇంట్లో అనుమానం వస్తే కొట్టడం, దాచిపెట్టడం కన్నా ఫోన్ చేయడం మంచిది. అలవాటు మానేందుకు సలహా కావాలంటే 14446. అమ్మకాల సమాచారం ఇవ్వాలంటే 1933. మరొక్కసారి: సలహాకు 14446, సమాచారానికి 1933.