బిస్ఫినాల్-ఏ: మరుగుపడిన హెచ్చరిక



ఒకే వస్తువును గూర్చిన రెండు దస్త్రములు వేర్వేరు శాఖలలో నుండి, ఒకదానిలోని సంగతి రెండవదానికి ఎక్కకపోయినచో కలుగు అనర్థము కార్యాలయోద్యోగులకు క్రొత్త కాదు. బిస్ఫినాల్-ఏ అను రసాయనము కథ యట్టిదే.

రష్యా శాస్త్రజ్ఞుడు డయానిన్ 1891లో దీనిని తయారుచేసెను. 1936లో లండనులో డాడ్స్, లాసన్ అనువారు అండాశయములు తొలగించిన ఎలుకలపై పరీక్షించి, ఇది స్త్రీ హార్మోనగు ఈస్ట్రోజెన్ వలె పనిచేయునని ప్రకటించిరి. అది వైద్యశాస్త్రపు దస్త్రము. 1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్ దీనితోనే పాలికార్బొనేటు ప్లాస్టిక్కును రూపొందించెను. అది గాజువలె స్వచ్ఛము. క్రిందపడినను సులభముగ పగలదు. పసిపిల్లల పాలసీసాలు, పెద్ద నీళ్ళ క్యానులు దానితో వెలసినవి. ఆహారపు డబ్బాల లోపలి ఎపాక్సీ పూతకును బిస్ఫినాల్-ఏ ముడిసరుకయ్యెను. ఇది పరిశ్రమల దస్త్రము. మొదటిదానిలోని హెచ్చరిక రెండవదానిలో చాలకాలము కానరాలేదు.

వేడి, క్షారము తగిలినపుడు ప్లాస్టిక్కులోని బంధములు కొంత విడిపోయి ఈ రసాయనము పాలలోనికి, నీటిలోనికి దిగును. శరీరములో హార్మోను తెరవవలసిన తాళమునకు ఇది దొంగతాళపుచెవి. అసలు హార్మోనుకంటె దీని బలము చాల తక్కువయే. కాని గర్భస్థ శిశువునకు, పసికందునకు అవయవములు రూపొందు వేళ అకాలపు సంకేతము స్వల్పమైనను ఉపేక్షింపరాదు.

1998లో అమెరికాలో పాట్రీషియా హంట్ పరిశోధనశాలయందు చిట్టెలుకల ప్లాస్టిక్ పంజరములను పొరపాటున తీవ్రమైన క్షారద్రవముతో కడిగిరి. ఆడ ఎలుకల అండములలో క్రోమోజోముల లోపములు హఠాత్తుగ పెరిగెను. కారణము బిస్ఫినాల్-ఏ యని ఆమె బృందము 2003లో ప్రకటించెను.

పాలసీసాలలో దీని వాడుకను ఐరోపా సమాఖ్య 2011లో నిషేధించెను. అమెరికా 2012లో అనుమతిని రద్దుచేసెను. 2015లో భారత ప్రమాణమును అట్లే సవరించిరి. అయినను వివాదము తీరలేదు. ఆహారమందు కానవచ్చు స్వల్పమాత్రతో హాని లేదని అమెరికా ప్రభుత్వ సంస్థ 2014లో చెప్పగా, ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో దినమునకు సహింపదగిన మాత్రను పూర్వపు పరిమితిలో 20,000వ వంతునకు తగ్గించెను.

పండితుల వాదము ముగియువరకు గృహస్థులు వేచియుండ నక్కరలేదు. కాగిన పాలు, పొగలు గ్రక్కు చారు ప్లాస్టిక్ పాత్రలలో పోయకుండుట, గీతలుపడిన పాతసీసాను విసర్జించుట, స్టీలు గిన్నెను, గాజుసీసాను వాడుట ఎల్లరకును సాధ్యమే. ‘బిస్ఫినాల్-ఏ లేదు’ అను చీటీ చూచినంతనే నిశ్చింత తగదు. బదులుగ వాడబడు బిస్ఫినాల్-ఎస్‌కును హార్మోను లక్షణము కలదు. క్రొత్త పేరుతో వచ్చు వస్తువునకును ముందుగ పరీక్ష యవసరమని 1936 నాటి పరిశోధన నేటికిని బోధించుచున్నది.