సంగం షాట్

అక్కల్లారా! పత్తి ఏరే చేయి, మిరప కోసే చేయి కెమెరా పట్టగలదా?

జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో పట్టింది. 1990లలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అక్కడి పల్లె ఆడవాళ్లకు వీడియో శిక్షణ పెట్టింది. వాళ్లు దళిత రైతుకూలీలు. చాలామందికి అక్షరం రాదు. అయితేనేం, కెమెరా చూపులకు తామే పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసి తీస్తే పటేలు షాట్. పటేలంటే అక్కడి భూస్వామి. కిందినుంచి పైకి చూస్తే బానిస షాట్. కళ్లకు సమానంగా చూస్తే సంగం షాట్. సంగంలో అందరూ ఒకే చాపమీద కదా!

వాళ్లే 2003లో బీటీ పత్తి వేసి నష్టపోయిన వరంగల్ రైతుల గోడు సినిమాగా తీశారు. తర్వాత అదే పత్తి సంగతి అడుగుతూ దక్షిణాఫ్రికా కూడా వెళ్లారు. అక్కడి భాష వేరు. పంట ఒకటే.