పండుగ కానుక, పసివాడి కోరిక



డిసెంబరు నెల వచ్చిందంటే క్రైస్తవుల ఇళ్ళల్లో సందడే సందడి. ఇంటి ముందు రంగు కాగితాల నక్షత్రం వెలుగుతుంది. రాత్రిపూట చర్చివాళ్ళు పాటలు పాడుకుంటూ ఇంటింటికీ వస్తారు. ఎర్ర బట్టలు తొడిగి, తెల్ల గడ్డం పెట్టుకున్న క్రిస్మస్ తాత గంతులు వేస్తాడు. పిల్లలకు చాక్లెట్లు పంచుతాడు. ఇళ్ళకు సున్నాలు వేస్తారు. అరిసెలు వండుతారు. కొత్త బట్టలు కుట్టిస్తారు.

ఈ సంతోషంతోపాటు తల్లికి ఒక దిగులు కూడా ఉంటుంది. ఏమిటా దిగులు? పిల్లలు అడిగే కానుక.

వెనకటి రోజుల్లో కొత్త చొక్కా, కొత్త గౌను వస్తే చాలు, పిల్లలు ఊరంతా తిరిగి చూపించుకునేవారు. ఇప్పుడు టీవీలో బొమ్మలు చూస్తున్నారు. ఫోనులో చూస్తున్నారు. పక్కింటి పిల్లల చేతుల్లో చూస్తున్నారు. రిమోటుతో నడిచే కారు కావాలంటారు. గేర్ల సైకిలు కావాలంటారు. అమ్మ కొంగు పట్టుకుని వదలరు.

అప్పుడు తల్లి ఏం చెయ్యాలి?

ముందు, చాలా ఇళ్ళల్లో ఏం జరుగుతున్నదో చూద్దాం.

కొందరు కసురుతారు. "మన బతుక్కి కారు కావాల్సి వచ్చిందా?" అంటారు. ఒక దెబ్బ కూడా వేస్తారు. పిల్లవాడు నోరు మూసుకుంటాడు. కానీ వాడికి ఏం అర్థమవుతుంది? అడగడమే తప్పు అనుకుంటాడు. మన బతుకు సిగ్గుపడే బతుకు అనుకుంటాడు. కూలి చేసుకు బతకడం సిగ్గుపడే పనా? కాదు గదా!

కొందరు అబద్ధం చెబుతారు. "కొంటాలే నాన్నా, పండక్కి కొంటాలే" అంటారు. ఆ పూటకు ఏడుపు ఆగుతుంది. పసివాడు మాత్రం రోజులు లెక్కపెడుతూ ఉంటాడు. పండుగనాడు కారు రాదు. ఆ రోజు వాడు కారు కోసం ఒకసారి ఏడుస్తాడు. అమ్మ మాట తప్పిందని రెండోసారి ఏడుస్తాడు. రెండో ఏడుపు తొందరగా తీరదు.

ఇంకొందరు అప్పు చేస్తారు. "ఏడాదికి ఒక్కసారే గదా పండుగ" అంటారు. అప్పు చేసి పప్పుకూడు అంటే ఇదే. ఈ అప్పు లెక్క వేసి చూడండి.

ఒక తల్లి రోజు కూలి 300 రూపాయలు అనుకుందాం. కారు ధర 1,800 రూపాయలు. అంటే 6 రోజుల కూలి. ఆ డబ్బు నూటికి నెలకు 5 రూపాయల వడ్డీకి తెచ్చింది. నెలకు వడ్డీ 90 రూపాయలు. 10 నెలలకు వడ్డీ 900 రూపాయలు. అసలు, వడ్డీ కలిపి 2,700 రూపాయలు. అంటే 9 రోజుల కూలి! కారు చక్రం ఊడి మూలన పడినా వడ్డీ మాత్రం ఆగదు.

మరి కసరకుండా, అబద్ధం చెప్పకుండా, అప్పు చెయ్యకుండా ఉండేదెలా?

దారి ఉంది. పిల్లలకు నిజం చెప్పాలి. ముందుగా చెప్పాలి. వాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పాలి.

ఆరేళ్ళ పిల్లవాడికి 200 రూపాయలకూ 2,000 రూపాయలకూ తేడా తెలియదు. "అంత డబ్బు లేదు" అంటే వాడికి బుర్రకెక్కదు. కంటికి కనిపిస్తే ఎక్కుతుంది. అందుకు చింతపిక్కలు చాలు.

ఒక ఇల్లు అనుకోండి. అమ్మ, నాన్న, ఆరేళ్ళ బాబు, మూడేళ్ళ పాప. పండుగ ఖర్చుకు వాళ్ళ దగ్గర 3,000 రూపాయలు ఉన్నాయి. నవంబరు నెలలోనే ఒక సాయంత్రం తల్లి బాబును పక్కన కూర్చోబెట్టుకుంది. 30 చింతపిక్కలు నేల మీద పోసింది.

"ఒక్కో పిక్క నూరు రూపాయలు నాన్నా. పండక్కి మన దగ్గర ఇవే ఉన్నాయి. మనిద్దరం పంచుదాం" అన్నది.

నలుగురి బట్టలకు 18 పిక్కలు పక్కన పెట్టారు. బియ్యప్పిండి, బెల్లం, నూనె, పిండివంటలకు 6 పిక్కలు. నక్షత్రానికి, లైట్లకు 1. చర్చిలో కానుకకు 1. మొత్తం 26 పోయాయి. ఇక మిగిలినవి 4.

"ఈ నాలుగూ నీకు, చెల్లికి. చెరి రెండు" అన్నది తల్లి.

"మరి కారుకు ఎన్నమ్మా?" అన్నాడు బాబు.

"పద్దెనిమిది."

బాబు బట్టల కుప్ప వైపు చూశాడు. లెక్కపెట్టాడు. సరిగ్గా పద్దెనిమిది! "ఇవి తీసుకుంటే?" అన్నాడు.

"తీసుకోవచ్చు. అప్పుడు నీకు చొక్కా ఉండదు. చెల్లికి గౌను ఉండదు. నాన్నకు, నాకు కూడా ఉండవు."

బాబు కాసేపు మాట్లాడలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల్లి వాడిని దగ్గరకు తీసుకున్నది. "నీకు కారంటే చాలా ఇష్టం గదూ? నాకు తెలుసు" అన్నది. అంతే. తిట్టలేదు. ఇంకో ఆశ పెట్టలేదు. ఏడవనిచ్చింది. కాసేపటికి వాడే అడిగాడు, "రెండు పిక్కలకు ఏమొస్తుందమ్మా?" అని.

చూశారా! ఆ తల్లి కారు కొనలేదు. కానీ పిల్లవాడి కోరికను చిన్నబుచ్చలేదు. కోరిక తప్పు కాదు. డబ్బు చాలలేదు, అంతే. ఈ రెండు మాటలూ పిల్లలకు విడివిడిగా తెలియాలి.

ఇక్కడ కొన్ని సంగతులు గుర్తు పెట్టుకోవాలి.

ఒకటి. తల్లి మాట, తండ్రి మాట ఒకటిగా ఉండాలి. అమ్మ కాదన్నది నాన్న తెస్తే, అమ్మ పిసినారి అవుతుంది. అమ్మమ్మకు, నాయనమ్మకు, మేనమామకు కూడా ముందే చెప్పి ఉంచాలి.

రెండు. పిల్లలకు ఎంచుకునే వీలు ఇవ్వాలి. "రంగు పెన్సిళ్ళా? బంతా? నీ ఇష్టం" అనాలి. తాను ఎంచుకున్న చిన్న వస్తువు పిల్లలకు పెద్దగా కనిపిస్తుంది.

మూడు. నిజంగా కొనగలిగితేనే "కొంటాను" అనాలి. పెద్ద వస్తువు కావాలంటే ఒక డబ్బా పెట్టి దాచమనండి. వారానికి 20 రూపాయలు వేస్తే 50 వారాలకు 1,000 రూపాయలు అవుతాయి. డబ్బా పిల్లవాడి కళ్ళ ముందే ఉండాలి. ఇంట్లో అవసరం పడినా, వాడికి చెప్పకుండా అందులో చెయ్యి పెట్టకూడదు.

నాలుగు. చౌక బొమ్మ అయినా చూసి కొనాలి. 2021 జనవరి నుంచి మన దేశంలో ఫ్యాక్టరీ బొమ్మల మీద ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేశారు. ఆ గుర్తు ఉందో లేదో చూడండి. మూడేళ్ళ లోపు పిల్లలకు ఊడివచ్చే చిన్న ముక్కలున్న బొమ్మలు ఇవ్వకండి. కొన్ని బొమ్మల్లో చొక్కా గుండీలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. అది మింగితే చాలా ప్రమాదం. రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోవచ్చు. మింగారని అనుమానం వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోను చెయ్యాలి.

ఇక క్రిస్మస్ తాత మాట. "మంచి పిల్లలకు తాత కానుకలు తెస్తాడు" అని చాలామంది చెబుతారు. ముద్దుగానే ఉంటుంది. కానీ ఒక చిక్కు ఉంది. మేడ ఇంటి పిల్లకు తాత సైకిలు తెచ్చాడు. పాక ఇంటి పిల్లకు పలక తెచ్చాడు. అప్పుడు ఆ పిల్ల ఏమనుకుంటుంది? "నేను మంచిదాన్ని కాదా?" అనుకుంటుంది. ఆ మాట పసి గుండెలో ముల్లులా గుచ్చుకుంటుంది. అందుకని "తాత చాక్లెట్లు ఇస్తాడు. మిగతావి అమ్మా నాన్నా కష్టపడి కొంటారు. ఎవరికి ఉన్నంతలో వాళ్ళు కొంటారు" అని చెప్పడం మంచిది.

అసలు ఈ తాత ఎవరో తెలుసా? సుమారు 1,700 ఏళ్ళ కిందట, ఇప్పటి టర్కీ దేశంలోని మైరా అనే ఊళ్ళో నికొలస్ అనే బిషప్ ఉండేవారు. ఆయన కథల నుంచే క్రిస్మస్ తాత పుట్టాడు. ఒక పేదవాడికి ముగ్గురు ఆడపిల్లలు. పెళ్ళి చెయ్యడానికి డబ్బు లేదు. నికొలస్ రాత్రిపూట ఎవరికీ తెలియకుండా వాళ్ళ ఇంట్లో డబ్బు మూటలు వేసి వెళ్ళాడని కథ. అది గొప్ప చూపించుకునే కానుక కాదు. అవసరం చూసి, చాటుగా ఇచ్చిన కానుక. ఈ కథ పిల్లలకు చెప్పండి. పండుగనాడు వాళ్ళ చేత్తోనే పక్కింటి ముసలవ్వకు నాలుగు అరిసెలు ఇప్పించండి. పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడం కూడా కానుకే అని వాళ్ళకు తెలుస్తుంది.

డబ్బుతో కొనలేని కానుకలు కూడా ఉన్నాయి. నాన్నతో కలిసి వెదురుబద్దలతో నక్షత్రం కట్టడం ఒక కానుక. పాత సైకిలు టైరును కర్రతో దొర్లిస్తూ నాన్న కూడా వెంట పరిగెత్తితే అది ఒక కానుక. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. పిల్లవాడి పేరు మీ చేత్తో రాసి, కింద "అమ్మ" అని రాసి, ఒక కార్డు ఇవ్వండి. వాడు దాచుకుంటాడు.

పండుగ ఏదైనా ఈ లెక్క ఒకటే. సంక్రాంతి కానీ, రంజాన్ కానీ, దసరా కానీ, పసివాడు అడుగుతూనే ఉంటాడు. అడగడం వాడి వంతు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం పెద్దల వంతు. అది చెప్పడానికి పండుగ ముందురోజు దాకా ఆగకండి. ఇవాళే చింతపిక్కలు తీయండి. మీ పండుగ ఖర్చు పలక మీద రాయండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని కూడండి.