పల్నాటి యిండ్లలో క్రిస్మసు: చిన్ననాటి తలపులు

(దాచేపల్లి గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను దినమున చిన్ననాటి పండుగను గూర్చి ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. కాని పల్నాటి పల్లెలలో క్రిస్మసునకును చదువునకును గల సంబంధమును తలచినచో, ఈ విషయమునకు ఇంతకంటె తగిన సభ వేరొకటి లేదు.

అమెరికా లూథరను సంఘము పక్షమున ఫాదర్ హయ్యరుగారు 1842 జూలై 31వ తేదీన గుంటూరు చేరిరి. 1849లో వారు దాచేపల్లికి పొరుగుననున్న గురజాలకు వచ్చి పల్నాటిలో పనిచేసిరి. ఆ మిషను పనిలో ప్రార్థనతోపాటు బడియు వచ్చెను. ఊరిబావికిని, గుడికిని, చదువునకును దూరముగా నుంచబడిన పల్లెల పిల్లలెందరో అక్షరములు దిద్దుకొన్నది అట్టి బడులలోనే.

నేడు డెబ్బది యెనుబది యేండ్ల వయసున నున్న పెద్దలను చిన్ననాటి క్రిస్మసును గూర్చి యడిగినచో, వారు మొదట చెప్పునది సున్నపు వాసన. పిడుగురాళ్ల ప్రాంతమున సున్నమునకు కొదువ లేదు. డిసెంబరు నెల సగము గడచుసరికి తల్లి మట్టిగోడలకు వెల్ల వేయుచుండెను. తండ్రి వెదురుబద్దలు చీల్చి నక్షత్రము కట్టుచుండెను. దానికి రంగుకాగితము అంటించుట పిల్లల వంతు. లోపల చిన్నదీపముంచి, దానిని పొడవైన గడకు కట్టి యింటిముందు నిలిపెడివారు. ముంగిట ముగ్గు, పొయ్యిమీద బెల్లపు పాకము, పళ్లెములో అరిసెలు! పండుగ క్రొత్తదైనను, దానిని చేసికొన్న తీరు ఊరిదే.

పల్నాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుని పేర వినబడు చాటువులు అందరెరిగినవే. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగెను. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదలిరి. అంతకుముందు ఈ మెట్టసీమలో కూలికుటుంబములకు జొన్నన్నమే నిత్యము, వరియన్నము పండుగ భోజనము. పత్తితీత కూలితో పిల్లవానికి ఒక చొక్కా కుట్టించెడివారు. మరుసటి యేటికి కూడ వచ్చునట్లు దానిని వదులుగా కుట్టుమని దర్జీకి చెప్పెడివారు.

ఇక 24వ తేదీ రాత్రి. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మొదలగువారు రచించిన కీర్తనలు, చదువురాని పెద్దలకును కంఠస్థములు. కాని గ్రంథము చదువవలెనన్న ఇంటిలో బడికి పోవు పిల్లవాడే దిక్కు. కిరసనాయిలు బుడ్డి యెదుట కూర్చుండి వాడు లూకా సువార్త రెండవ అధ్యాయము చదువుచుండ, ఇంటిల్లిపాదియు వినుచుండిరి. ఏడాదియంతయు చీవాట్లు తిను ఆ పిల్లవాడు ఆ రాత్రికి ఇంటికి పెద్ద. ఐనను వాడొక మాట తప్పినచో, అక్షరమెరుగని నాయనమ్మ వెంటనే దిద్దెడిది! జనసంఖ్యలో పేరు వ్రాయించుకొనుటకై బేత్లెహేమునకు పోయిన దంపతులకు సత్రమున చోటు లేకపోయెనను ఘట్టము వచ్చినప్పుడు ఎవరును వ్యాఖ్యానము చెప్పనక్కరలేదు. చోటు లేదను మాట ఆ యింటివారికి క్రొత్తది కాదు.

తెల్లవారి ఆరాధన ముగిసిన పిమ్మట, అరిసెల పళ్లెములతో పిల్లలు ఎరిగినవారి యిండ్లకు బయలుదేరెడివారు. కొన్ని యిండ్లలో ఆదరముతో పుచ్చుకొని, పిల్లవాని చేతిలో ఏదో యొకటి పెట్టి పంపిరి. మరికొన్ని యిండ్లలో పళ్లెము అరుగుమీదనే యుంచి పొమ్మనిరి. ఆ పళ్లెమును మోసిన పిల్లలు నేడు ముసలివారైరి. ఏ యింట ఏమి జరిగెనో వారు మరువలేదు.

వినుకొండలో 1895 సెప్టెంబరు 28న క్రైస్తవ కుటుంబమున జన్మించిన గుఱ్ఱము జాషువ మహాకవి అస్పృశ్యతను బాల్యముననే చవిచూచెను. ఆయన ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. ఆయన బాధ కావ్యమై నిలిచినది. అరుగుమీది పళ్లెముల కథలు మాత్రము చెప్పువారితోనే పోవుచున్నవి.

నేడు విద్యుద్దీపముల నక్షత్రములు అంగడిలో దొరకును, కేకులును దొరకును. అందు విచారింపవలసినది లేదు. విచారింపవలసినది నాయనమ్మల మాట పోవుటను గూర్చియే. ఈ గ్రంథాలయపు బీరువాలో ఒక తెల్లకాగితముల పుస్తకమునకు చోటీయవలెను. క్రిస్మసు, సంక్రాంతి, రంజాను, ఏ పండుగయైనను సరే, ఈ ఊరి పెద్దలు తమ బాల్యమును చెప్పగా పిల్లలు అందు వ్రాయవలెను. తీపియు వ్రాయవలెను, చేదును వ్రాయవలెను. నాడు పిల్లవాడు చదువగా పెద్దలు వినిరి. నేడు పెద్దలు చెప్పగా పిల్లలు వ్రాసినచో ఆ ఋణము తీరును. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, వెల కట్టరాని పుస్తకమొకటి ఈ బీరువాలో నుండును.