తిప్పతీగ - రోగనిరోధక శక్తి
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2020లో కరోనా వచ్చిన తర్వాత మనలో చాలామంది తిప్పతీగ కషాయం అలవాటు చేసుకున్నారు. తాగవచ్చునా అని నన్ను అడుగుతున్నారు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

అన్నం గంజి, ఆకుకూరల్లోని పీచు, తుమ్మజిగురు ఇవన్నీ చక్కెర అణువులు గొలుసులుగా అల్లుకున్నవే. వీటిని పాలీశాకరైడ్లు అంటారు. అల్లిక మారితే గుణం మారుతుంది. గంజి మనకు జీర్ణమవుతుంది, పీచు కాదు.

తిప్పతీగ కాండంలో అరబినోగాలక్టాన్ అనే గొలుసు ఉంది. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు దీన్ని వేరుచేసి 1999లో వెల్లడించారు. మన రక్షణ కణాల మీద టి.ఎల్.ఆర్.-4 అనే గ్రాహకం ఉంటుంది. అది గేటు దగ్గరి వాచ్‌మన్ వంటిది. కొన్ని రకాల బాక్టీరియా పైపొరను గుర్తుపట్టి ఈల వేస్తుంది. ఈ గొలుసు తగిలినా అలాగే ఈల వేస్తుందని, కణాలు మేల్కొంటాయని వారి ప్రయోగాల్లో తేలింది. అయితే అవి కణాల మీద, ఎలుకల మీద చేసినవి. మనం తాగే కషాయం సంగతి వేరు. అంత పెద్ద అణువు చాలావరకు పేగులోనే ఉండి, అక్కడి బాక్టీరియాకు ఆహారమవుతుంది.

"శక్తి పెరిగితే మంచిదే గదా!" అంటారు. అందరికీ కాదు. రుమటాయిడ్ కీళ్లవాతం, సోరియాసిస్ వంటి జబ్బుల్లో ఆ రక్షణ కణాలే సొంత శరీరం మీద పడతాయి. కిడ్నీ మార్పిడి జరిగినవారు ఆ శక్తిని తగ్గించడానికే రోజూ మాత్రలు మింగుతారు. వారికి వాచ్‌మన్ ఈల వేయకపోవడమే క్షేమం.

2020 చివరి నెలల్లో ముంబయిలో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నట్లు వైద్యులు గుర్తించారు. తర్వాత 13 వైద్య కేంద్రాలవారు ఇలాంటి 43 మంది వివరాలు సేకరించి 2022లో ప్రచురించారు. ఎక్కువమందిలో, రక్షణ కణాలే కాలేయంపై దాడి చేసే జబ్బు లక్షణాలు కనిపించాయి. అలా కనిపించే వేరే తీగ వాడి ఉంటారని ఆయుష్ శాఖ అన్నది. కావచ్చు. పొడి చేసి డబ్బాలో పోశాక ఏ తీగో మనమెలా పోల్చుకుంటాం?

కాబట్టి పైన చెప్పిన జబ్బులున్నవారు, కాలేయ వ్యాధి ఉన్నవారు డాక్టరును అడగకుండా దీన్ని వాడవద్దు. వాడుతున్నవారెవరికైనా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే మానేసి పరీక్ష చేయించుకోవాలి. డాక్టరు దగ్గరకు మాత్రలతోబాటు ఆ పొడి డబ్బా కూడా తీసుకువెళ్ళండి.